మోటారు ప్రశ్నలు – జవాబులు: ఈసారి కియా కార్లు

కియా కార్ల మీద ఉత్తరాలు చాలా వచ్చాయి. ఎక్కువ మందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కియా అంటే హ్యుందాయే, పేరు మార్చి అమ్ముతున్నారని మా బావ అంటాడు. అసలు సైకిళ్లు చేసుకునే కంపెనీ అని ఇంకొకరు అన్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, హిందూపురం

సైకిళ్ల మాట నిజం. మీ బావగారి మాట సగం నిజం. వయసులో హ్యుందాయ్ మోటార్ కంటే కియాయే పెద్దది. హ్యుందాయ్ మోటార్ 1967లో పుడితే, కియా 1944 డిసెంబరులో సోల్‌లో మొదలైంది. అప్పటి పేరు క్యోంగ్‌సోంగ్ ప్రెసిషన్ ఇండస్ట్రీ, స్థాపకుడు కిమ్ చోల్‌హో. ఉక్కు గొట్టాలు, సైకిల్ విడిభాగాలు చేసేవారు. కొరియా యుద్ధకాలంలో బూసాన్‌కు తరలిపోయి, 1952లో ‘సాంచోల్లీ’ అనే పూర్తి సైకిల్‌ను తయారుచేశారు. కొరియాలో సొంతంగా చేసిన మొదటి సైకిల్ అదే. కియా ఇండస్ట్రీ అనే పేరు కూడా అదే ఏడాది వచ్చింది.

తర్వాత రెండు దశాబ్దాలు జపాన్ కంపెనీల సాంకేతికతతో నడిచాయి. మోటార్ సైకిళ్లకు హోండా తోడైంది. 1962లో వచ్చిన కె-360 మూడు చక్రాల బండి మాజ్డాది. 1973లో సోహారి దగ్గర పూర్తిస్థాయి కార్ల ఫ్యాక్టరీ కట్టారు. 1974లో మాజ్డా ఫ్యామిలియా ఆధారంగా బ్రీసా అనే కారు తెచ్చారు.

1981లో పెద్ద దెబ్బ తగిలింది. చున్ డూహ్వాన్ సైనిక ప్రభుత్వం పరిశ్రమలను పునర్వ్యవస్థీకరిస్తూ, కియా కార్లు చేయకూడదు, చిన్న ట్రక్కులు, వ్యాన్లే చేయాలని ఆదేశించింది. కార్ల కంపెనీని కార్లే చేయవద్దనడం! కంపెనీని ఆ రోజుల్లో నిలబెట్టింది బోంగో అనే వ్యాన్. ఆంక్ష తొలగాక 1987లో ప్రైడ్ అనే చిన్న కారుతో మళ్లీ వచ్చారు. దాని డిజైన్ మాజ్డాది, తయారీ కియాది, అమెరికాలో ‘ఫెస్టివా’ పేరుతో అమ్మకం ఫోర్డ్‌ది. అదే ప్రైడ్‌ను ఇరాన్‌లో సైపా కంపెనీ 2020 దాకా తయారుచేసింది.

అప్పుల భారంతో 1997లో కియా కుప్పకూలింది. ఆసియా ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన సంవత్సరమది. 1998లో వేలం వేస్తే ఫోర్డ్ కూడా పోటీ పడింది. చివరికి హ్యుందాయ్ గెలిచి 51 శాతం వాటా తీసుకుంది. ఆ వాటా తర్వాత తగ్గుతూ మూడో వంతుకు వచ్చింది. అయినా పెత్తనం హ్యుందాయ్ గ్రూపుదే. కింది చట్రం, ఇంజిన్లు, గేర్‌బాక్సులు ఇద్దరికీ ఉమ్మడి. పై రూపం, లోపలి అమరిక, సస్పెన్షన్ సర్దుబాటు, షోరూంలు, సర్వీస్ మాత్రం ఎవరివి వారివి. 2006లో ఆడి, ఫోక్స్‌వ్యాగన్‌లలో పనిచేసిన పీటర్ ష్రయర్‌ను డిజైన్ అధిపతిగా తెచ్చుకున్నాక కియా రూపానికి ఒక గుర్తింపు వచ్చింది. ముందు గ్రిల్‌ను ‘టైగర్ నోస్’ అనడం అప్పటినుంచే. 2021లో పేరులోంచి ‘మోటార్స్’ తీసేశారు.

ఈ చరిత్రలో కొనేవారికి పనికొచ్చేది ఒకటుంది. కియా సెల్టోస్ బానెట్ కింద ఉన్నది హ్యుందాయ్ క్రెటాలో ఉన్నదే. కాబట్టి కియా మంచిదా, హ్యుందాయ్ మంచిదా అని తేల్చుకునే ముందు ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అన్నది తేల్చుకోవాలి. కింద చాలా జవాబుల్లో మేం చెప్పేది అదే.

ప్రశ్న: పెనుకొండ ఫ్యాక్టరీలో విడిభాగాలు బిగించడమేనా, నిజంగా కారు తయారవుతుందా?
– ఒక ఐటీఐ విద్యార్థి, ధర్మవరం

తయారవుతుంది. రేకును ప్రెస్‌లో నొక్కడం, బాడీ వెల్డింగ్, పెయింట్, అసెంబ్లీ అన్నీ అక్కడే. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం ఎర్రమంచి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన 536 ఎకరాలు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. నీటికి గొల్లపల్లి రిజర్వాయరు. 2019 జనవరిలో ట్రయల్ ఉత్పత్తి, ఆగస్టులో సెల్టోస్ విడుదల, డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగాయి. 2023 జులైలో పది లక్షలవ కారు బయటికొచ్చింది. ఇక్కడి కార్లు విదేశాలకూ వెళ్తాయి. మీ ట్రేడ్ ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, మెకట్రానిక్స్ ఏదైనా సరే, ఫ్యాక్టరీ ఒక్కటే చూడకండి. దాని చుట్టూ వెలసిన విడిభాగాల కంపెనీల్లో కూడా అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి.

ప్రశ్న: 2020–22 మధ్య సెల్టోస్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాం. రోజూ ఇరవై కిలోమీటర్లు, నెలకోసారి ఊరు. ఏ ఇంజిన్ తీసుకోవాలి? కొనేముందు ఏం చూడాలి?
– దంపతులు, విజయవాడ

ఆ సంవత్సరాల్లో మూడు ఇంజిన్లు ఉన్నాయి. 1.5 లీటర్ల మామూలు పెట్రోల్ 115 పీఎస్, 144 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. దీనికి ఆరు గేర్ల మాన్యువల్ లేదా సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్). 1.5 డీజిల్ కూడా 115 పీఎస్సే, కానీ టార్క్ 250. దీనికి మాన్యువల్ లేదా ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. 1.4 టర్బో పెట్రోల్ 140 పీఎస్, 242 న్యూటన్ మీటర్లు. దీనికి ఆటోమేటిక్ కావాలంటే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది) వస్తుంది. మూడింటికీ టైమింగ్ చైనే, బెల్టు మార్చే ఖర్చు లేదు.

మీ వాడకానికి మామూలు పెట్రోలే సరిపోతుంది. రోజూ ఇరవై కిలోమీటర్లంటే, అదీ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అంటే, డీజిల్‌కు మంచిది కాదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది. దూర ప్రయాణాలు ఎక్కువగా చేసేవారైతే డీజిల్ టార్క్ కన్వర్టరే మా మొదటి ఎంపిక. ఆ ఇంజిన్, గేర్‌బాక్స్ జోడీ మీద యజమానుల్లో మంచి మాటే వినిపిస్తుంది. టర్బో హైవే మీద హుషారుగా ఉంటుంది, సిటీలో పెట్రోలు బాగా తాగుతుందని వాడేవారే చెబుతారు. యజమానులు సాధారణంగా మెచ్చుకునేవి లోపలి సదుపాయాలు, క్యాబిన్‌లో నిశ్శబ్దం, సీట్లు. తప్పుపట్టేది గతుకుల్లో గట్టిగా కొట్టే సస్పెన్షన్. అందుకే పెద్ద చక్రాల వేరియంట్ కోసం ఆరాటపడకండి. 205/65 ఆర్16 టైరు పక్క గోడ ఎత్తుగా ఉండి, 215/60 ఆర్17 కంటే గతుకులను బాగా మింగుతుంది. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. పంక్చర్ షాపులో చెప్పే అంకె కాదు, అదే ప్రమాణం.

విజయవాడ కాబట్టి అన్నిటికన్నా ముందు వరద సంగతి చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వేల వాహనాలు మునిగాయి. హైదరాబాద్ నుంచి వచ్చే బండ్ల విషయంలో 2020 అక్టోబరు వరదను గుర్తుంచుకోండి. కడిగి, పాలిష్ పెట్టి, అత్తరు చల్లినా దాగని చోట్లు ఉంటాయి. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి, కింది భాగంలో మట్టి గీత ఉంటే వదిలేయండి. స్టెప్నీ తీసి దాని గుంటలో ఒండ్రు ఉందేమో చూడండి. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి పొర కనిపిస్తే నీళ్లు లోపలికి వచ్చినట్టే. అలాంటి బండిలో ఎలక్ట్రానిక్స్ ఈరోజు పనిచేసినా ఏడాది తర్వాత ఒక్కొక్కటీ మొరాయిస్తాయి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల చరిత్ర అడిగి తీసుకోండి.

తర్వాత ఇంజిన్. రాత్రంతా ఆపి ఉంచిన బండిని మీరు వెళ్లాకే స్టార్ట్ చేయమనండి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. డీజిల్ అయితే ఆయిల్ గేజ్ తీసి చూడండి. మట్టం పై గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) శుద్ధి మధ్యలో పదేపదే ఆగిపోయి ఇంధనం ఆయిల్లో కలిసిందని అర్థం. సైలెన్సర్ చివర లోపల తెల్ల గుడ్డతో తుడవండి. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండిలో ఫిల్టర్ సరిగ్గా ఉంటే గుడ్డ పెద్దగా నల్లబడదు. నల్లగా మసి అంటుకుంటే ఫిల్టర్ పగిలింది, లేదా ఎవరో తీసేశారు. డ్యూయల్ క్లచ్ అయితే చదును రోడ్డు మీద బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ తొక్కకుండా కదలనివ్వండి. ఆ కదలికలో వణుకు ఉండకూడదు. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి మళ్లీ బయల్దేరండి, ఎత్తు మీదకు రివర్స్ కూడా చేయండి. అరిగిన క్లచ్ అక్కడ బయటపడుతుంది.

చివరగా, 17 అక్షరాంకెల చాసిస్ నంబరుతో ఏదైనా కియా సర్వీస్ సెంటర్‌లో రెండు విషయాలు అడగండి: సర్వీస్ చరిత్ర, చేయించని రీకాల్‌లు (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం). మీ బడ్జెట్ పెరిగి 2023 సీవీటీ సెల్టోస్ వైపు వెళ్తే రీకాల్ సంగతి తప్పక అడగండి. ఆ ఏడాది ఫిబ్రవరి–జులై మధ్య తయారైన 4,358 పెట్రోల్ సీవీటీ బండ్లను ఎలక్ట్రానిక్ ఆయిల్ పంప్ కంట్రోలర్ మార్చడానికి 2024లో వెనక్కి పిలిచారు. పని ఉచితం. ముందటి ఓనరు చేయించకపోతే మీరు చేయించుకోవచ్చు.

ప్రశ్న: డీజిల్ కార్లో డీపీఎఫ్ దీపం వెలిగితే ఏం చేయాలి? దాన్ని తీసేయిస్తే గొడవ వదులుతుందని గ్యారేజీలో అంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

తీసేయించకండి. పొగ పరీక్షలో దొరికిపోవచ్చు, వారంటీ పోతుంది, మీ వెనక వచ్చే బైక్ మీద ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి ఆ మసంతా వెళ్తుంది. అసలు అది చేసే పని తెలిస్తే తీసేయాలని ఎవరూ అనుకోరు.

సైలెన్సర్ దారిలో ఉండే ఈ జల్లెడ మసిని పట్టి ఉంచుతుంది. నిండుతున్న కొద్దీ కంప్యూటర్ కాస్త అదనపు డీజిల్‌ను ఆలస్యంగా చల్లి, పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి, మసిని కాల్చేస్తుంది. ఆ సమయంలో ఐడిల్ ఆర్‌పీఎం కొంచెం పెరుగుతుంది, మైలేజీ మీటర్ పడిపోతుంది, బండి ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. ఇవి చెడిపోయిన లక్షణాలు కావు. పది నిమిషాల్లో ఇల్లు చేరి ఆపేస్తే శుద్ధి సగంలో ఆగిపోతుంది. మర్నాడు మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. ఇలా ఆగినప్పుడల్లా కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి జారుతుంది. మసి మాత్రం పేరుకుంటూనే ఉంటుంది.

దీపం నిలకడగా వెలిగితే చేయాల్సింది ఇది. ఖాళీ రోడ్డు చూసుకుని, గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో, లేదా రెండో గేరు పైన ఇంజిన్ 1500–2000 ఆర్‌పీఎం మధ్య ఉండేలా, సుమారు 25 నిమిషాలు ఆగకుండా నడపండి. మీకు రాజీవ్ రహదారి ఉంది, హైదరాబాద్ వారికి ఔటర్ రింగ్ రోడ్డు. దీపం ఆరిపోతే పని అయినట్టు. ఇలా చేశాక కూడా దీపం మినుకుమినుకుమంటూ ఉంటే, లేదా చెక్ ఇంజిన్ దీపం తోడైతే, ఇక రోడ్డు మీద ప్రయత్నం వద్దు. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి బలవంతపు శుద్ధి చేయించాలి. నిర్లక్ష్యం చేస్తే బండి శక్తి తగ్గించుకుని నెమ్మదిగా మాత్రమే నడుస్తుంది, చివరికి ఫిల్టరే మార్చాల్సి వస్తుంది. దాని ఖరీదు చాలా ఎక్కువ.

ఇంకో సంగతి, ఇందులో చాలా గ్యారేజీలు తప్పు చేస్తాయి. ఆయిల్లోని కొన్ని రసాయనాలు కాలి బూడిదవుతాయి. మసి మళ్లీ కాలుతుంది గానీ బూడిద కాలదు, జల్లెడలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే డీపీఎఫ్ ఉన్న బండికి ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదారుల సంఘం) ప్రమాణాల్లో ‘సీ’ తరగతి ఆయిల్ వాడాలి. సీ2, సీ3, సీ5 వంటి వాటిలో మీ పుస్తకంలో రాసింది చూసి, డబ్బా మీద ఆ అక్షరం ఉందో లేదో స్వయంగా చూడండి. ట్రాక్టర్లకూ లారీలకూ పోసే డ్రమ్ము ఆయిల్ పోయనివ్వకండి.

ప్రశ్న: ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ట్రాఫిక్‌లో వేడెక్కుతుందంటారు. నేను మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తాను. కొనొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

రోజూ గంటకు పైగా సైబర్ టవర్స్, బయోడైవర్సిటీ వైపు జామ్‌లో ఉంటే సీవీటీయో, టార్క్ కన్వర్టరో తీసుకోండి. ఈ గేర్‌బాక్స్‌లో ఉన్నది ఆయిల్లో మునగని పొడి క్లచ్ జత. బండి పాకుతున్నంతసేపూ కంప్యూటర్ మీ బదులు హాఫ్ క్లచ్ పట్టుకుని ఉంటుంది. ఆ రాపిడే వేడి. చల్లబరచడానికి ఆయిల్ లేదు, గాలే దిక్కు.

ఇప్పటికే కొన్నవారు భయపడక్కర్లేదు, నడిపే తీరు మార్చుకుంటే చాలు. ముందు కారు అడుగు కదలగానే మీరూ అడుగు కదలకండి. ఒక కారు పొడవు ఖాళీ వచ్చేదాకా బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, అప్పుడు ఒకేసారి కదలండి. బ్రేకు పూర్తిగా తొక్కితే క్లచ్ విడిపోతుంది, రాపిడి ఉండదు. సగం తొక్కి పాకిస్తేనే ముప్పు. ఆటో హోల్డ్ ఉంటే వాడండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలిపి ఉంచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. గేర్‌బాక్స్ వేడెక్కిందని స్క్రీన్ మీద హెచ్చరిక వస్తే పక్కకు తీసి, ‘పి’లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా కొన్ని నిమిషాలు ఆగండి. చల్లబడిందన్న సందేశం వచ్చాకే బయల్దేరండి.

ప్రశ్న: భద్రతలో కియాకు మూడు స్టార్లే అని విన్నాం.
– ఒక పాఠకుడు, ఖమ్మం

కార్లను ఢీకొట్టించి భద్రతకు స్టార్లు ఇచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2020లో పరీక్షించిన, రెండు ఎయిర్‌బ్యాగ్‌ల సెల్టోస్‌కు పెద్దల రక్షణలో 3, పిల్లల రక్షణలో 2 స్టార్లు వచ్చాయి. బాడీ నిలకడ సరిపోదని కూడా ఆ నివేదిక చెప్పింది. తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదిది. 2022లో సెల్టోస్ అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు ఇచ్చారు, కియాలోనే ఇంకో మోడల్ కారెన్స్‌లో మొదటినుంచీ ఉన్నాయి. 2025లో మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో కియా సైరోస్ 5 స్టార్లు తెచ్చుకుంది. ఒక మోడల్ స్టార్లు ఇంకో మోడల్‌కు వర్తించవు. పాత సెల్టోస్ కొనేవారు కనీసం 2022 తర్వాతి ఆరు ఎయిర్‌బ్యాగ్‌ల బండే చూడండి.

ప్రశ్న: అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మా అబ్బాయి పాత కియా ఆప్టిమా తక్కువ ధరకు వస్తోందంటున్నాడు. తీసుకోమనాలా?
– ఒక తల్లి, గుంటూరు

ధర తక్కువగా ఉండటానికి రెండు కారణాలుంటాయి, రెండూ మీ అబ్బాయికి చెప్పండి.

మొదటిది ఇంజిన్. 2011–2019 మోడళ్లలో వచ్చిన ‘థీటా 2’ రకం 2.4 జీడీఐ, 2.0 టర్బో ఇంజిన్ల మీద అక్కడ పెద్ద రీకాల్‌లు జరిగాయి. క్రాంక్‌షాఫ్ట్ తయారీలో మిగిలిన లోహపు రజను ఆయిల్ దారులను మూసి, కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌లు అరిగి, ఇంజిన్ నడుస్తూనే పట్టేసే ప్రమాదం దానికి మూలం. కోర్టు పరిష్కారంలో ఈ ఇంజిన్లకు, అంటే పిస్టన్లు, క్రాంక్‌షాఫ్ట్ ఉండే షార్ట్ బ్లాక్‌కు, జీవితకాల వారంటీ ఇచ్చారు. రెండో ఓనరుకూ వర్తిస్తుంది. కానీ నాక్ సెన్సర్‌తో బేరింగ్ అరుగుదలను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించి ఉండాలి. ఆయిల్ మార్పిడి రసీదులు కూడా అడగాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఆర్‌పీఎంతో పాటు పెరిగే టకటక శబ్దం వస్తే వెనక్కి వచ్చేయమనండి.

రెండోది దొంగతనం. 2011–2022 మధ్య అమెరికాలో అమ్మిన, తాళం తిప్పి స్టార్ట్ చేసే చాలా కియాల్లో ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) లేదు. అందుకని దొంగలు వాటి మీదే పడ్డారు. బటన్ స్టార్ట్ ఉన్న బండ్లలో ఇమ్మొబిలైజర్ ఉంటుంది, దానికే వెళ్లమనండి. (మన దేశంలో అమ్మేవాటితో ఈ గొడవకు సంబంధం లేదు.) తాళం తిప్పేదే అయితే 2023 నుంచి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్ చేయించాలి. అది పనిచేయాలంటే తలుపులను రిమోట్‌తోనే లాక్ చేయాలి. కొనేముందే ఇన్సూరెన్స్ కొటేషన్ తీసుకోమనండి, కొన్ని నగరాల్లో ప్రీమియం బాగా ఎక్కువ.

అక్కడి పదేళ్లు, లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ వారంటీ మొదటి ఓనరుకు మాత్రమే. చేయి మారితే ఐదేళ్లు, 60 వేల మైళ్లకు తగ్గుతుంది. కంపెనీ డీలర్ దగ్గర సర్టిఫైడ్ పాత కారు కొంటే పదేళ్లది మళ్లీ లభిస్తుంది. అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో చాసిస్ నంబరు కొడితే చేయించని రీకాల్‌లు కనిపిస్తాయి, అది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దనండి.

ప్రశ్న: ఏసీ గాలి తగ్గింది. గ్యాస్ పట్టించాలంటున్నారు.
– ఒక పాఠకుడు, అనంతపురం

గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే గ్యాస్ కాదు, క్యాబిన్ ఫిల్టర్ చూడండి. సెల్టోస్‌లో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గ్లవ్ బాక్స్ తెరిచి, పక్కన ఉండే తాడు లాంటి ఆపుడును విప్పి, రెండు వైపుల స్టాపర్లు తీస్తే అది పూర్తిగా కిందికి వాలుతుంది. ఎదురుగా కనిపించే మూత క్లిప్పు నొక్కి తీసి, పాత ఫిల్టర్‌ను మెల్లగా లాగండి, దుమ్ము లోపల రాలకుండా. కొత్తది పెట్టేటప్పుడు దాని మీద ఉన్న బాణం గుర్తు పాతదాని దిశలోనే ఉండాలి. పది నిమిషాల పని, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మీ దుమ్ముకు ఏడాదికోసారి లేదా పది వేల కిలోమీటర్లకోసారి మార్చండి. ఫిల్టర్ మార్చాక గాలి బాగా వస్తూ చల్లదనం లేకపోతే, అప్పుడు గ్యాస్ లీకు ఎక్కడో కనిపెట్టించి ఆ తర్వాతే నింపించండి. లీకు వెతకకుండా నింపితే వచ్చే వేసవికి మళ్లీ అదే ఖర్చు.